గుర్తురాయి కింద

“ఆ ఫోటో జోలికి వెళ్ళకు. ముందు కుర్చీ దిగు,” అన్నాడు భర్త.

ఆమె దిగలేదు. రెండేళ్ళుగా హాల్లో గోడకి వేలాడుతున్న ఫోటోని మేకుతో సహా పీకేసింది. గోడ పెచ్చు ఊడి అతని పాదాల దగ్గర పడింది.

నిన్న సాయంత్రం నుంచి ఆ ఇంట్లో ఇదే వరస. వంటింట్లో గిన్నెలు మాట్లాడుతున్నాయి తప్ప మనుషులు మాట్లాడుకోవడం లేదు. పొద్దున్న ఎనిమిదైంది. పదకొండింటికి ఆమె ఆఫీసులో విచారణ. అందులో మాట పోతే ఆమె ఉద్యోగం ఒక్కటే కాదు, పద్దెనిమిదేళ్ళుగా కూడబెట్టుకున్న పేరు పోతుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసీ టీ తాగుతున్నారు!

ఫోటోలో ఉన్నది ఆమే. కొండ వెంబడి మట్టిరోడ్డు, పక్కన మోకాలెత్తు ఆకుపచ్చ గుర్తురాయి. ‘కింద కేబుల్ ఉంది, తవ్వరాదు’ అని దాని మీద తెల్లటి అక్షరాలు. ఆ రాయి నెత్తిన చెయ్యి వేసి, బడిలో మొదటి బహుమతి కొట్టిన పిల్లలా నవ్వుతోంది.

కుర్చీ దిగి, ఆ ఫోటోని భర్త ముందు టేబుల్ మీద పెట్టింది.

“ఈ రాయి కింద ఏముందండీ?”

అతను టీ కప్పు అందుకున్నాడు.

“చెప్పండి. చిన్న ప్రశ్నేగా. ఈ రాయి కింద ఏముంది?”

“మట్టి,” అన్నాడు చివరికి, టీ కప్పులోకి చూస్తూ.

నిన్న మధ్యాహ్నమే ఆమెకి తెలిసిపోయిన విషయం అది. అయినా మొగుడి నోట వినేసరికి ఎక్కడైనా కూలబడాలనిపించింది. కూర్చుంటే ఏడుపొస్తుందని నిలబడే ఉంది.

ఆమె పనల్లా ముందుచూపే. టెలిఫోన్ కంపెనీలో కూర్చుని, జనం ఈ ఏడు ఇంత వాడితే వచ్చే ఏడు ఎంత వాడతారో లెక్కగట్టి, ఆ బరువు మోసే దారులు వేయించాలి. ఏ మీటింగుకి వెళ్ళినా ఒక గ్రాఫు పట్టుకెళ్ళేది. అందులో గీత మెట్లుమెట్లుగా ఎక్కడమే గానీ దిగడం ఎరగదు. దాంతో ఆఫీసులో ‘నిచ్చెన మేడం’ అని పేరు పెట్టారు. పెడితే పెట్టారు, ఆమె వదల్లేదు. “ఇదివరకు కేబుల్ తెగితే పాత టవర్ల మీదుగా ఎలాగో సర్దుకునేవాళ్ళం. ఇప్పుడు ఊళ్ళో పసిపిల్లాడు కూడా వీడియో పెడితే గానీ ముద్ద మింగడం లేదు. ఇంత బరువు ఆ టవర్లు మోయలేవు. ఊరికి రెండో దారి కావాల్సిందే” అని మూడేళ్ళు పోరి, కొండ చుట్టూ రెండో కేబుల్ మంజూరు చేయించింది.

పని ఎవరికి దక్కింది? బావగారికి. అంటే భర్త అన్నగారికి. ఆ ఇంట్లో పైవాటాలో ఉండే కాంట్రాక్టరు ఆయనే. టెండరు పిలిచింది పెద్దాఫీసు, అందులో ఆమె వేలు పెట్టింది లేదు. అయినా ఆ రోజు ఎంత పొంగిపోయిందో! నా దారి మా ఇంటివాళ్ళ చేతుల మీదుగా పడుతోందని ఆఫీసంతా మిఠాయి పంచింది.

మూడు రోజుల కింద, నీళ్ళ గొట్టం కోసం వంతెన దగ్గర తవ్వుతున్న యంత్రం రోడ్డు దారి కేబుల్‌ని తెంపేసింది. అందులో వింతేం లేదు, కేబుళ్ళన్నాక తెగుతూనే ఉంటాయి. అందుకోసమే ఆమె గదిలో ఒక పెట్టె ఉంది. లోపల గోరంత గోరంత అద్దాలు. ఒక దారి చీకటైతే ఆ అద్దాలు రెప్పపాటులో తిరిగి, వెలుగు మొత్తాన్ని రెండో దారికి మళ్ళిస్తాయి. ఆ రోజూ తిరిగాయి. తిరిగి చూస్తే అక్కడా చీకటే. ఆరు గంటలపాటు ఊరంతా మూగబోయింది. మోగని ఫోన్లు పట్టుకుని జనం అంబులెన్సు కోసం రోడ్ల మీద పరుగులు పెట్టారు.

తెగిన చోట అతికించింది బావగారి మనుషులే. చకచకా అతికించి, మట్టి కప్పేసి, వెళ్ళిపోయారు. ఇక పెద్దాఫీసు వాళ్ళకి కనపడేది ఏమిటి? కొండ చుట్టూ రాళ్ళున్నాయి, మ్యాపుంది, కొలతల కాగితం ఉంది. దారి భేషుగ్గా ఉంది కాబట్టి పెట్టె అమరికలోనే తప్పుందన్నారు. పెట్టెని అమర్చిందీ, కొలతల కింద సంతకం పెట్టిందీ ఆమే.

“ఎప్పుడు తెలిసింది నీకు?” అడిగాడు భర్త.

“నిన్న. వెలుగు వెళ్ళి రావడానికి ఎంతసేపు పట్టిందో చూశాను. రోడ్డు దారి నలభై కిలోమీటర్లు, కొండ దారి అరవై ఐదు. రెండిటికీ ఒకటే సమయం చూపించింది. వెంట్రుకవాసి తేడా లేదు. అంటే రెండూ ఒకే గొట్టంలో పక్కపక్కనే పడుకుని ఉన్నాయన్నమాట. రాళ్ళు మాత్రం కొండ చుట్టూ పాతారు.”

“ఇన్నాళ్ళూ చూడనిది నిన్నే ఎందుకు చూశావ్?”

ఆమె నవ్వింది. ఏడవలేక నవ్వే నవ్వు అది.

“ఇన్నాళ్ళూ చూడాల్సిన అవసరం ఏముందండీ? కొలత చదివింది మా ఆయన కదా!”

చదివింది అతనే. అదే కంపెనీలో, కేబుల్‌కి ఆ చివరి స్టేషన్‌లో టెక్నీషియన్ అతను. కొత్త దారి తెరిచే ముందు ఈ చివర నుంచి వెలుగు పంపిస్తే, ఆ చివర ఎంత చేరిందో మీటర్లో చూసి ఫోన్లో చదవాలి. దారి ఎంత పొడవైతే వెలుగు అంత తగ్గుతుంది. రోడ్డు దారికి మైనస్ పది రావాలి, కొండ దారికి మైనస్ పదిహేను. అతను చక్కగా ‘మైనస్ పదిహేను’ అని చదివాడు. ఆమె చక్కగా రాసుకుంది.

“కొండ చుట్టూ కేబులే లేనప్పుడు పదిహేను ఎలా వచ్చింది?” అని అడిగింది ఇప్పుడు.

అడిగి, అతని మొహం వంకే చూసింది. జవాబు ఆమెకి తెలుసు. నిన్న ఆ సమయాల లెక్క చూశాక, తన గదిలోనే, పెట్టె వెనకాల, దుమ్ము పట్టిన వైర్ల మధ్య చెయ్యి పెట్టి వెతికింది. వేలి కొసంత నీలం బిరడా దొరికింది. వెలుగు మరీ ఎక్కువైన చోట కాస్త మసక చెయ్యడానికి వాడతారు దాన్ని. ఇది కొండ దారి వైరుకి తగిలించి ఉంది. సరిగ్గా అయిదు తగ్గిస్తుంది. పదిని పదిహేను చేస్తుంది.

ఎప్పుడు పెట్టాడో కూడా గుర్తొచ్చింది. కొలతకి ముందు రోజు, ఆమె ఇంట్లో మరిచిపోయిన కళ్ళజోడు తెచ్చిచ్చాడు. “ఎంత మంచి మొగుడమ్మా” అని పక్క సీటావిడ మురిసిపోయింది. అతనికి టీ తేవడానికి తాను క్యాంటీన్‌కి వెళ్ళింది. ఆ కాస్త సేపట్లో పెట్టాడు.

ఆ బిరడా ఇప్పుడు ఆమె చేతిరుమాలు కొసన ముడి వేసి ఉంది. పీకేసినట్టు అతనికి చెప్పలేదు. తానంతట తాను చెప్తాడేమోనని చూస్తోంది.

“ఏమో, వైర్లో ఏదో మలుపు వచ్చి ఉంటుంది. అలా చూపించింది మరి,” అన్నాడతను.

తప్పు ఒప్పుకునేటప్పుడు కూడా అబద్ధమే! ఆమె రుమాలు ముడిని గట్టిగా పట్టుకుంది.

మెట్ల మీద చప్పుడైంది. బావగారు దిగొచ్చారు. వెనకాలే తోడికోడలు టీ ప్లాస్కు పట్టుకుని వచ్చింది. ఎనిమిదిన్నరకి అది మూడో విడత.

“చూడమ్మా,” అన్నారు బావగారు, కూర్చోకుండానే. “నేను మోసగాణ్ణి కాదు. అక్కడ బండ తగిలింది. అడుగు తవ్వితే యంత్రం పళ్ళు విరిగాయి. గడువు దగ్గర పడింది. పాత గొట్టంలో ఖాళీ ఉంది కదా, తాత్కాలికంగా అందులోంచి లాగేసి, వానలు తగ్గాక తవ్వుదాం అనుకున్నాం.”

“ఎన్ని వానలు తగ్గాయి బావగారూ?”

ఆయన మాట దాటేశారు. “అదిగాదమ్మా, తెగుతుందని ఎవడనుకున్నాడు?”

“నేననుకున్నాను. తెగుతుందనే కదా మూడేళ్ళు అందరి కాళ్ళూ పట్టుకున్నాను!”

“నీకు చెప్తే నువ్వు ఊరుకోవని...”

“ఊరుకోను కాబట్టి నా సంతకం కావాల్సి వచ్చింది. నిచ్చెన మేడం సంతకం ఉంటే ఎవరూ తవ్వి చూడరని.”

ఆయన తమ్ముడి వైపు చూశారు. తమ్ముడు కప్పులోకి చూస్తున్నాడు. ఆ కప్పు ఎప్పుడో ఖాళీ అయింది.

“చివరిగా ఒక మాట,” అన్నారు బావగారు గొంతు తగ్గించి. “పెట్టె అమరికలో పొరపాటు జరిగిందని నువ్వు ఒప్పుకుంటే మందలించి వదిలేస్తారు. నీకు మంచి పేరుంది, తట్టుకుంటావు. నా సంగతి బయటపడితే నా పని శాశ్వతంగా పోతుంది. వీడు చిన్నప్పటి నుంచి నా చేతి ముద్ద తిని పెరిగాడు. అది కూడా కాస్త ఆలోచించు.”

ఔరా! మంచి పేరున్నది ఇంటిల్లిపాదీ వాడుకోవడానికన్నమాట. ఆమె తోడికోడలి వైపు తిరిగింది.

“మీకూ తెలుసా అక్కా?”

ఆవిడ ప్లాస్కు మూత తిప్పుతూనే ఉంది.

“ఈ ఫోటో తీసింది మీరే. ‘నవ్వు, ఇంకా నవ్వు’ అన్నారు. నేను ఆ రాయిని బిడ్డని నిమిరినట్టు నిమిరాను. మీరందరూ నా ఎదురుగా నిలబడి చూశారు. తెలుసా మీకు?”

“తెలుసు,” అంది తోడికోడలు. “నీ మొహం చూడలేకపోయాను. చెయ్యి వణికింది. అందుకే ఆ ఫోటో కాస్త మసగ్గా ఉంటుంది.”

అది గాలికి కదిలిందని ఇన్నాళ్ళూ అనుకుంటోంది ఆమె. గాలికి కదిలినా ఎంత బాగుందో అని చుట్టాలందరికీ చూపించింది కూడా. ముగ్గురూ కలిసి నమ్మించి గొంతు కోస్తే, ఆ కోసిన వేళకి ఫోటో తీయించుకుని గోడకి తగిలించుకుంది!

పైవాటాలో కుక్కర్ కూత వేసింది. తోడికోడలు అదే సాకని గబగబా మెట్లెక్కేసింది. కాసేపటికి బావగారు కూడా, “వీడికి చెప్పాల్సింది చెప్పాను,” అనేసి వెళ్ళిపోయారు.

భర్త లేచి స్కూటర్ తాళం తీసుకున్నాడు. విచారణలో రెండు దారులనీ మళ్ళీ కొలవాలన్నారు. అతను ఆ చివరి స్టేషన్‌కి వెళ్ళాలి, నలభై కిలోమీటర్లు.

గుమ్మం దగ్గర ఆగాడు.

“నాకు సిగ్గుగా ఉంది,” అన్నాడు. “అన్నయ్య మాట కాదనలేకపోయాను. ఇవాళ చెప్పేస్తాను. కొలత ఉన్నది ఉన్నట్టు చదువుతాను. నీ మీద ఒట్టు.”

“నా మీద వద్దు. కొలత మీద వెయ్యండి.”

“కొలత మీదే ఒట్టు,” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు కళ్ళల్లోకి చూశాడు కూడా.

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఆడదాని పిచ్చి గానీ, అంత జరిగాక కూడా లేచొచ్చింది! “మీ కళ్ళజోడు జేబులో పెట్టుకున్నారా?” అని అడగబోయి ఊరుకుంది.

బస్సులో కూర్చున్నాక పాత రోజులు గుర్తొచ్చాయి. పెళ్ళి కాకముందు అతని మొహం ఎలా ఉంటుందో కూడా ఆమెకి తెలీదు. ఈ చివర ఆమె, ఆ చివర అతను, మధ్యన స్టేషన్ ఫోను. ఆ పనికి ఒక పద్ధతుంది. చదివే మనిషి అంకె చదవాలి. వినే మనిషి అదే అంకెని తిరిగి చెప్పాలి. చదివిన మనిషి ‘అంతే’ అనాలి. అప్పుడే కాగితం మీద పెట్టాలి. ‘అంతే’ అన్నాక అతను ప్రతిసారీ “రాసుకున్నారా?” అని అడిగేవాడు. ఒక రోజు అంకెలన్నీ అయ్యాక, “ఇంకో కొలత ఉంది, రాసుకుంటారా?” అని పది అంకెలు చదివాడు. అతని ఇంటి ఫోన్ నంబరు. ఆమె సిగ్గుపడుతూనే తిరిగి చెప్పింది. “అంతే” అన్నాడు. ఆ ‘అంతే’ని పట్టుకునే పద్నాలుగేళ్ళుగా కాపురం చేస్తోంది.

పదకొండు కొట్టింది. ఆమె గదిలోనే విచారణ. పెద్దాఫీసు నుంచి వచ్చిన తెల్లజుట్టు అధికారి రిజిస్టర్ తెరిచి, పెట్టె వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు.

“తెర మీద అంకెల్ని నేను నమ్మనమ్మా. మనిషి మీటర్ చేత్తో పట్టుకుని చదవాలి. కొండ దారిలో పదిహేను వస్తే దారి ఉన్నట్టే. అప్పుడు తప్పు ఈ పెట్టెది. పెట్టె మీది.”

“పది వస్తే?”

“ఎందుకొస్తుంది? మీరు రాసిన కాగితమేగా ఇది, పదిహేను అని!” అన్నాడాయన వింతగా చూస్తూ.

సమయాల లెక్క ఆమె ఫైల్లో భద్రంగా ఉంది. ముందే ఇచ్చెయ్యొచ్చు. ఇవ్వలేదు. తాను బయటపెట్టడం వేరు, అతను చెప్పడం వేరు. అతను చెప్తే కాపురంలో ఇంకా ఏదో మిగులుతుందని ఆమె ఆశ. బిరడా పీకేసిన దారిలో అతని మీటర్ ఇప్పుడు పదే చూపిస్తుంది. కనపడింది చదివితే చాలు. ఇంకేమీ చెప్పక్కర్లేదు.

ఫోన్ స్పీకర్లో పెట్టారు.

“స్టేషన్ సిద్ధంగా ఉందా?” అడిగింది ఆమె.

“సిద్ధంగా ఉందండీ,” అన్నాడు అతను. లైన్ మీద ఎప్పుడూ ‘మీరు’ అనే పిలుచుకుంటారు ఇద్దరూ. అది పాత అలవాటు.

“రోడ్డు దారి.”

“మైనస్ పది.”

“మైనస్ పది.”

“అంతే.”

ఆమె రాసింది. అధికారి తలూపాడు.

“కొండ దారి.”

ఆ చివర ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. కళ్ళజోడు డబ్బా తెరిచిన టక్కుమన్న శబ్దం వినిపించింది. ఆ డబ్బా ఆమె కొన్నదే. అంటే పెట్టుకున్నాడు. చూస్తున్నాడు. పది చూపిస్తుంటే, ఆమె బిరడా పీకేసిందని ఈపాటికి అర్థమై ఉంటుంది. చదివెయ్యండి, ఒక్క అంకే కదా అని మనసులోనే బతిమాలుకుంది.

“మైనస్ పదిహేను,” అన్నాడు.

అధికారి తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలాడు.

ఇంకా ఒక మెట్టు మిగిలి ఉంది. తిరిగి చెప్పాలి. తప్పైతే దిద్దుకోవడానికే ఆ పద్ధతి పెట్టారు. ఆమె ఎప్పుడూ లేనిది, మెల్లగా, ప్రశ్నలా అడిగింది.

“మైనస్ పదిహేనా?”

ఫ్యాను తిరుగుతూనే ఉంది.

“అంతే,” అన్నాడతను.

అధికారి రిజిస్టర్ ఆమె ముందుకి జరిపి, పెన్ను మూత తీసి ఇచ్చాడు. ఆమె పెన్ను అందుకోలేదు. ఒళ్ళో ఉన్న రుమాలు పైకి తీసింది. ముడి బిగుసుకుపోయింది, వేళ్ళతో రాలేదు. పంటితో విప్పి, నీలం బిరడాని రిజిస్టర్ మీద, పదిహేను రాయాల్సిన గడిలో పెట్టింది.

“ఏమిటమ్మా ఇది?” అన్నాడు అధికారి ముందుకి వంగి.

ఆమె నోరు తెరిచేలోపే, స్పీకర్లోంచి అతని గొంతు మళ్ళీ వినిపించింది. ఎప్పట్లాగే మర్యాదగా, మెత్తగా అడుగుతున్నాడు.

“రాసుకున్నారా?”